సంక్రాంతికి ఫ్యామిలీ ఫొటో: ఎవరు ఏ రంగు వేసుకోవాలి?



రెండో తరగతి పిల్లలతో ప్రతి ఏడాదీ 'మై ఫ్యామిలీ' అనే ప్రాజెక్టు చేయిస్తాం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చార్టు మీద ఫ్యామిలీ ఫొటో అతికించి, కింద నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు రాసి, క్లాసు ముందు నిలబడి చదవాలి. ఈ ఏడాది నా సెక్షన్‌లో 34 మంది. అంటే ఒకే వారంలో 34 ఇళ్ల ఫొటోలు వరసగా చూశానన్నమాట. చూస్తుంటే ఒక విషయం తట్టింది. చాలా ఫొటోల్లో నాకు ముందు కనపడింది మనుషులు కాదు, బట్టలు. ఒక ఫొటోలో నలుగురూ పండుమిరప ఎరుపు. ముఖాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకో ఫొటోలో నాన్నగారి సన్నగళ్ల చొక్కా మీద నీళ్లలో అలల్లాంటి గీతలు. మరోదాంట్లో తాతయ్యగారి తెల్ల చొక్కా ట్యూబ్‌లైటులా వెలిగిపోతోంది, పక్కనున్న మనవడు చీకట్లో ఉన్నాడు.

ఒక పాప మాత్రం చార్టు నా చేతికిచ్చి, ఫొటోలో తన బొమ్మ మీద వేలు పెట్టి, "టీచర్, ఇది నేను కాదు" అంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, సంక్రాంతి వస్తోంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు, బెంగళూరులో ఉన్నవాళ్లు, వీలైతే అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఊరికి చేరే పండగ. మూడు తరాలు ఒకే అరుగు మీద కూర్చునేది మళ్లీ ఎప్పుడో చెప్పలేం. బట్టలు కొనేదేమో ఈ నెలలోనే. కొన్నాక ఆలోచించేకన్నా కొనకముందే కాస్త ఆలోచిస్తే మేలు కదా.

నేను ఫొటోగ్రాఫర్ని కాదు. మా మావయ్య మాత్రం పాతికేళ్లు ఒక చిన్న టౌనులో ఫొటో స్టూడియో నడిపారు. నా వేసవి సెలవులన్నీ ఆ స్టూడియోలో స్టూలు మీద కూర్చునే గడిచాయి. కింద రాసినదాంట్లో సగం ఆయన దగ్గర విన్నదే, మిగతాది తర్వాత చదివి తెలుసుకున్నది.

ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర మొదలుపెట్టండి

మనం ఏం చేస్తామంటే, ముందు పిల్లల బట్టలు కొంటాం, తర్వాత అమ్మ చీర, దానికి మ్యాచింగ్‌గా నాన్న కుర్తా. చివర్లో అమ్మమ్మనో నాయనమ్మనో "మీరూ ఏదో ఒకటి కట్టుకోండి" అంటాం. నా ఉద్దేశంలో దీన్ని తలకిందులు చేయాలి. పిల్లలకి ఏ రంగైనా కొనొచ్చు. డెబ్బై ఏళ్ల మనిషి కట్టు మార్చలేం, మార్చాలని చూడనూ కూడదు. తాతయ్య తెల్ల పంచె తెల్ల చొక్కా తప్ప వేసుకోరు. అదే మన మొదటి రంగు అనుకుని, మిగతావాళ్లని దాని చుట్టూ సర్దుకోవాలి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. తాతయ్య పోయాక మా నాయనమ్మ ముదురు రంగులు మానేసింది. లేత బూడిద, మీగడ రంగు చీరలే. ఒక పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటో ఉంది. అందరూ నీలాలు, ఆకుపచ్చలు, మధ్యలో నాయనమ్మ ఒక్కతే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి ఆవిడే అంది, "నన్నెందుకమ్మా మధ్యలో కూర్చోబెట్టారు, ఫొటో చెడగొట్టాను" అని. ఆవిడ చెడగొట్టలేదు, మేమే ముందుగా ఆలోచించలేదు. రెండేళ్ల తర్వాత ఇంటి దగ్గర ఇంకో ఫొటో తీశాం. ఆవిడ్ని ఏమీ మార్చమనలేదు. మా అమ్మ గంధం రంగు మంగళగిరి చీర కట్టుకుంది, నేను ఉల్లిపొర రంగు చుడీదార్ వేసుకున్నాను, నాన్న లేత నీలం చొక్కా. తమ్ముడు ఒక్కడే ముదురు వంకాయ రంగు. ఆ ఫొటోలో నాయనమ్మ చీర విడిగా కనపడదు, నాయనమ్మ కనపడుతుంది. ఇప్పుడు హాల్లో ఉన్నది అదే.

పక్క రంగు చేసే పని

దీని వెనకాల ఒక కథ ఉంది. పారిస్‌లో గోబెలాన్ అని రాజుల కాలం నాటి నేతశాల ఉంది. గోడలకి వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసేవాళ్లు. 1820ల్లో అక్కడ అద్దకాల విభాగానికి షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త డైరెక్టరుగా ఉండేవారు. ఆయనకి ఒక ఫిర్యాదు వచ్చింది: నలుపు రంగు నూలు సరిగ్గా లేదు, నీలం, ఊదా రంగుల పక్కన నేస్తే వెలిసినట్టు కనిపిస్తోంది అని. ఆయన నూలు పరీక్షించి చూశారు. నలుపులో ఏ లోపమూ లేదు. పక్కనున్న నీలమే దాన్ని అలా కనిపించేలా చేస్తోంది. మన కన్ను ఏ రంగునీ ఒంటరిగా చూడదు, పక్కదానితో పోల్చుకుని చూస్తుందని తేలింది. దాని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చువేశారు.

మన చీరల షాపు సేల్స్‌మన్లకి ఇది షెవ్రుల్ చెప్పకుండానే తెలుసు. మీగడ రంగు చీరని ముదురు నీలం పట్టు మీద పరిస్తే పాతబడినట్టు పసుపుగా కనపడుతుంది, అదే చీర గంధం రంగు పక్కన పరిస్తే మెత్తగా, శుభ్రంగా ఉంటుంది. ఫొటోలో మనుషులు భుజానికి భుజం తగిలించి నిలబడతారు కాబట్టి ఒకరి బట్ట ఇంకొకరి రంగుని మారుస్తుంది. కాబట్టి "నాకు ఈ రంగు బాగుంటుంది" అని ఎవరికి వారు అనుకుంటే సరిపోదు. పక్కన ఎవరు నిలబడతారో కూడా చూసుకోవాలి.

అందరూ ఒకే రంగైతే?

ఆన్‌లైన్‌లో ఇప్పుడు అమ్మ, నాన్న, పాప, బాబు నలుగురికీ ఒకే గుడ్డతో సెట్లు అమ్ముతున్నారు. ముచ్చటగానే ఉంటాయి. వారానికి ఆరు రోజులు యూనిఫాం చూసే నాలాంటివాళ్లకి మాత్రం అసెంబ్లీ గుర్తొస్తుంది. హాస్యం పక్కన పెడితే, అందరూ ఒకే రంగు వేసుకుని దగ్గర దగ్గరగా నిలబడితే భుజాలు, చేతులు కలిసిపోయి ఒకే పెద్ద గుడ్డ ముద్దలా కనిపిస్తుంది. అమ్మ ఒడి ఎక్కడ అయిందో పాప ఫ్రాకు ఎక్కడ మొదలైందో తెలియదు.

మావయ్య మాట ఒకటుంది: "రంగులు అన్నదమ్ముల్లా ఉండాలి, కవలల్లా కాదు." రెండు మూడు రంగులు అనుకుని, వాటిలోనే ఒకరు ముదురు, ఒకరు లేత, ఒకరు మధ్యరకం వేసుకుంటే చాలు. ఉదాహరణకి ఏడుగురున్న ఇల్లు అనుకుందాం. తాతయ్యది తెలుపు, నాయనమ్మది మెంతి రంగు చీర. వీళ్లని మార్చం. అమ్మ నెమలికంఠం రంగు గద్వాల కట్టుకుంటే ఫొటోలో బలమైన రంగు అదొక్కటే అవుతుంది. నాన్న అదే జాతిలో మసక నీలం చొక్కా. అత్త గంధం రంగు. పెద్దపిల్ల మామిడిపండు రంగు లంగాఓణీ, ఓణీ మాత్రం అమ్మ చీరకి దగ్గరి రంగు. బుడ్డోడు మీగడ రంగు కుర్తా. ఏ ఇద్దరూ ఒకలా లేరు, ఎవరూ వేరే ఇంటి మనిషిలానూ లేరు.

డిజైన్ల విషయంలో ఒకటే గుర్తుపెట్టుకోండి. పోచంపల్లి ఇక్కత్ చీర ఒక్కటి ఫొటోకి అందం, రెండైతే ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. మీ ఇంట్లో ఇద్దరికీ ఇక్కత్ కట్టుకోవాలనే ఉంటే ఒకరిని ఈ చివర, ఒకరిని ఆ చివర నిలబెట్టండి.

చిన్న అధిక ప్రసంగం: మన భాషలో ఎల్లోనీ పచ్చ అంటాం, గ్రీన్‌నీ పచ్చ అంటాం. ఊళ్లో ఉన్న అత్తకి ఫోన్లో "పచ్చ చీర కట్టుకోండి" అని చెప్పి ఊరుకుంటే ఏది కట్టుకొస్తారో మీ అదృష్టం. ఫొటో తీసి వాట్సాప్ చేయమనండి.

కెమెరాకి నచ్చనివి కొన్ని

మన కన్నూ కెమెరా ఒకలా చూడవు. కెమెరా ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగంత వెలుతురులో ఉంటుందని అనుకుని లెక్క వేసుకుంటుంది. అందరూ తెలుపు వేసుకుంటే "అమ్మో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని ఫొటోని తగ్గిస్తుంది. చొక్కాలు బూడిద రంగులోకి, ముఖాలు చీకట్లోకి పోతాయి. అందరూ నలుపు వేసుకుంటే దీనికి పూర్తిగా ఎదురు. ఫొటోని పెంచుతుంది, ముఖాలు పాలిపోతాయి. ఇప్పటి ఫోన్లు ముఖాల్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి కానీ, తాతయ్య తెల్ల చొక్కా ఎండలో, మనవడి ముఖం నీడలో ఉంటే రెండూ సరిగ్గా చూపించడం ఫోన్‌కి కష్టం. ఇద్దర్నీ నీడలోకి తీసుకురండి, అంతే.

ఎరుపుతో ఇంకో చిక్కు. పెళ్లిపట్టు లాంటి గాఢమైన ఎరుపు చీరలో కుచ్చిళ్లు, మడతలు, నేతలో ఉన్న పువ్వులు కంటికి ఎంత బాగా కనపడతాయి! కెమెరాలో మాత్రం ఎరుపుని పట్టుకునే భాగం తొందరగా నిండిపోతుంది, మడతలన్నీ పోయి ఒకే ఎర్రటి పూతలా వస్తుంది. ఇటుక రంగు, దానిమ్మ గింజ రంగు, ముదురు మెరూన్ లాంటివి ఈ ఇబ్బంది పెట్టవు. ఎరుపే కావాలంటే ఒక్కరికి ఉండనివ్వండి.

పిల్లలకి ఇష్టమైన ఫ్లోరోసెంట్ రంగులు, అదే హైలైటర్ పెన్నుల్లాంటి ఆకుపచ్చ, గులాబీ, వాటి మీద పడిన వెలుతురు తిరిగి గడ్డం కిందకి కొడుతుంది. పాప మెడ, చెంపలు ఆకుపచ్చగా వస్తాయి. తర్వాత ఎడిట్ చేసినా పూర్తిగా పోదు. సన్నగళ్లు, సన్న చారల చొక్కాల మీద అలలు వస్తాయని మొదట్లో చెప్పాను కదా, అది గుడ్డ తప్పు కాదు. ఆ గళ్లూ, కెమెరా లోపలి సన్నని గళ్లూ ఒకదాని మీద ఒకటి పడి పుట్టే గీతలు అవి. పెద్ద గళ్లైతే ఏమీ కాదు. జరీ, చమ్కీ ఫ్లాష్ పడితే తెల్లటి మచ్చలవుతాయి, పగటి వెలుతురులో మాత్రం నిండుగా ఉంటాయి. ఇక స్టూడియోకి వెళ్లేవాళ్లు ఒకమాట ముందే అడగండి. వెనకాల ఆకుపచ్చ తెర కట్టి, తర్వాత కంప్యూటర్లో తాజ్‌మహల్ పెట్టే పద్ధతైతే చిలకాకుపచ్చ వేసుకెళ్లొద్దు. తెరతో పాటు మీ బాబు చొక్కా కూడా మాయమై, పొట్టలోంచి తాజ్‌మహల్ కనపడుతుంది!

"ఇది నేను కాదు"

ఇప్పుడు ఆ పాప సంగతి. స్టూడియోలో తీయించిన ఫొటో. పాపది చామనఛాయ. ఫొటోలో మాత్రం ముఖం పాలపొడి పూసినట్టు తెల్లగా ఉంది, మెడా చేతులూ వేరే రంగు. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు వాళ్లమ్మగారితో మెల్లగా అన్నాను. "మేం అడగలేదు మేడమ్, వాళ్లే చేశారు. బాగానే ఉంది కదా అని ఊరుకున్నాం" అన్నారు. ఆవిడ్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా ఇంట్లోనూ ఇంతే. నాదీ చామనఛాయే. చిన్నప్పుడు పట్టులంగా కొనడానికి వెళ్తే, షాపులో నా ముఖం చూసి మామిడిపండు రంగు పక్కన పెట్టేసేవాళ్లు. "పాప కలర్‌కి ఇది ఎత్తదండీ" అని. అమ్మ కూడా "అవునులే" అనేది. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నేను పసుపు ముట్టుకోలేదు. బీఈడీ ఫేర్‌వెల్ రోజు ఫ్రెండ్ చీర అరువు తెచ్చుకుని కట్టుకున్నాను, అది పసుపు. ఆ రోజు ఫొటో చూసి అమ్మే అడిగింది, "ఇన్నాళ్లూ ఈ రంగు ఎందుకు కొనలేదే నీకు?" అని.

కెమెరా చరిత్రలోనూ ఈ పక్షపాతం ఉంది. కలర్ ఫిల్ము రోజుల్లో, 1950ల నుంచి, ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఒక ఫొటో కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి బొమ్మ. మొదట మోడల్‌గా ఉన్న ఉద్యోగిని పేరుతో వాటిని షర్లీ కార్డులనేవాళ్లు. ఆమె చర్మం బాగా వస్తే ఫొటో బాగా వచ్చినట్టు లెక్క. ముదురు చర్మం వాళ్ల ముఖాలు నల్లటి మచ్చల్లా వచ్చినా చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. గోధుమ రంగుల్లో తేడాలు సరిగ్గా రావడం లేదని గట్టిగా అడిగినవాళ్లలో చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ చేసేవాళ్లు ఉన్నారు! వేర్వేరు చర్మపు రంగులున్న ముగ్గురు మహిళలతో కార్డు వచ్చింది 1990ల్లో. అంటే మీకూ నాకూ చిన్నప్పుడు తీసిన ఫిల్ము ఫొటోల్లో మనం నల్లగా, దిగులుగా కనిపిస్తే, అందులో కొంత తప్పు మన చర్మానిది కాదు.

ఇప్పటి కెమెరాలు అలా లేవు. చామనఛాయకైనా, నల్లని ఛాయకైనా పసుపు, నారింజ, నెమలికంఠం, దానిమ్మ రంగు, తెలుపు అన్నీ నిండుగానే వస్తాయి. చూసుకోవాల్సింది ఒక్కటే, బట్ట రంగూ చర్మం రంగూ మరీ దగ్గరగా ఉండకూడదు. గోధుమ ఛాయకి గోధుమ రంగు, తెల్లని చర్మానికి లేత గులాబీ వేస్తే మనిషి బట్టలో కలిసిపోతారు. ఇది అందరికీ వర్తించే మాటే. ఫొటోగ్రాఫర్‌కి డబ్బులిచ్చే ముందే "ముఖాలు తెల్లగా చేయొద్దండి, ఉన్నట్టే ఉంచండి" అని చెప్పండి. ఫోన్లో బ్యూటీ మోడ్ ఉంటే ఆపేయండి, కొన్నింట్లో అది మనకు తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. షాపులో పిల్లల ఎదురుగా "ఈ రంగు నీకు నప్పదు" అనే మాట వస్తే, దయచేసి ఆ చీరో చొక్కానో ఒకసారి పాప మీద వేసి, బయట వెలుతురులో చూసి అప్పుడు చెప్పండి. మా క్లాసులో ఏడేళ్ల పిల్లలు స్కెచ్ పెన్నులు ఎంచుకునేటప్పుడు కూడా "ఆ రంగు నాకొద్దు టీచర్, నేను బ్లాక్ కదా" అనడం విన్నాను.

పిల్లలు, ఇంటి గోడ, వెలుతురు

నెట్ ఫ్రాకులు గుచ్చుకుంటాయి. రంగు ఎంత బాగున్నా గోక్కుంటున్న పిల్ల నవ్వదు. నూలు గుడ్డ అయితే మంచిది, లేదా లోపల నూలు లైనింగ్ వేయించండి. రెండు బట్టలు ముందు పెట్టి "ఏది వేసుకుంటావ్?" అంటే చాలు. రెండూ మీరు ఎంచినవే కాబట్టి మీ ప్లాను చెడదు, తనే ఎంచుకున్నానని వాళ్లకి సంతోషం. కార్టూన్ బొమ్మలూ అక్షరాలూ ఉన్న టీషర్టులు మాత్రం వద్దు, చూసేవాళ్లు ముఖం వదిలేసి ఆ అక్షరాలు చదువుతారు. నలుపు తప్ప వేసుకోనని మొండికేసే పదో తరగతి అన్నయ్య ఉంటే గొడవ పెట్టుకోకండి. నలుపు వెనక వరసలో ఒక మూల బాగానే ఉంటుంది.

ఊళ్లో తీస్తున్నట్టయితే గోడ రంగు ముందే అడిగి తెలుసుకోండి. పండక్కి కొత్తగా రంగులు వేయించి ఉంటారు. లేత ఆకుపచ్చ గోడ ముందు లేత ఆకుపచ్చ చీరలో నిలబడితే తల, చేతులే గాల్లో తేలతాయి. గుమ్మానికి కట్టిన బంతిపూల దండలు నారింజ రంగులో గట్టిగా కనపడతాయి కాబట్టి నీలాలు వాటి పక్కన బాగా నిలుస్తాయి. షామియానా కింద మాత్రం తీయకండి. ఎర్ర షామియానా కింద అందరూ ఎర్రగా, నీలం షామియానా కింద జబ్బుపడి లేచినట్టు వస్తారు. అరుగు నీడ అన్నిటికన్నా మంచిది. లేదంటే సాయంత్రం నాలుగున్నర దాటాక, ఎండ మెత్తబడ్డాక.

ఇక చివరిగా మావయ్య చేయించిన పరీక్ష ఒకటి. ఇప్పుడు ఫోనుతో ఇంకా తేలిక. అందరి బట్టలూ ముందురోజు దండెం మీద నీడలో వరసగా ఆరేయండి, ఎవరు ఎవరి పక్కన నిలబడతారో అదే వరసలో. ఫోన్‌తో ఫొటో తీసి, ఎడిట్‌లోకి వెళ్లి బ్లాక్ అండ్ వైట్ చేయండి. అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతే మనుషులూ అలాగే కలిసిపోతారు, ఒక ముదురు బట్టో లేత బట్టో చేర్చాలి. ఒక్కటే తెల్లగా మెరిసిపోతుంటే దాని పక్కకి ఇంకో లేత రంగు జరపండి. ఐదు నిమిషాల పని. ఇంట్లో అందరూ నవ్వుతారు, మా ఇంట్లో కూడా నవ్వారు.

ఫోన్ ఎవరికైనా ఇచ్చి, లేదా టైమర్ పెట్టి తీయండి. ఆ 34 ఫొటోల్లో చాలావాటిలో అమ్మ లేదు, ఎందుకంటే తీసింది అమ్మే. ప్రింటు వేయించేటప్పుడు ఒక కాపీ ఎక్కువ వేయించండి. మళ్లీ జూన్‌లో చార్టుకి గమ్ము పెట్టి అతికించేస్తాం, అది తిరిగి ఇంటికి రాదు.

ఆ పాప సంక్రాంతికి తాతగారి ఊళ్లో కొత్త ఫొటో తీయించుకుంటుందట. పసుపు పరికిణీ కొన్నారట, నాకు రెండుసార్లు చెప్పింది.